చెంపకు తగిలిన మంచు

నేను ఒక ప్లాస్టిక్ బకెట్టును. పుట్టింది గోడల రంగు మోయడానికి. ఎడారి దేశంలో పెద్ద స్టేడియం కట్టినప్పుడు దాని గోడలకెక్కిన తెల్లరంగు నా కడుపులోదే. రంగు అయిపోతే నా పని అయిపోవాలి. కానీ మనవాళ్ల చేతిలో పడ్డ రంగు బకెట్టుకు అంత తేలిగ్గా చావుంటుందా? కడిగి, తోమి, అదే స్టేడియంలో మంచు పనికి పెట్టారు. బయట ఎండకు రోడ్డు కాలిపోతుంటే లోపల మంచు పరిచి దాని మీద డాన్సులు చేస్తారు. మనుషుల సరదాలు మనుషులవి, నాకెందుకు?

నన్ను మోసేవాడు జగిత్యాల దిక్కునుంచి వచ్చిన రాజలింగు. స్కేటింగు పిల్లలు గాల్లోకి ఎగిరి గిర్రున తిరిగి దిగితే బ్లేడు గుచ్చుకుని మంచులో గుంటలు పడతాయి. వాళ్లు పక్కకు వెళ్లగానే రాజలింగు నాలోని తడిమంచు తీసి ఆ గుంటల్లో కూరాలి. గ్లౌజు తీసి బొటనవేలితో నొక్కి చూడాలి. గడ్డకట్టిందని తేలితే చెయ్యెత్తాలి. పైకి నున్నగా కనబడ్డా లోపల మెత్తగా ఉండొచ్చు. అది వేలికి తెలియాల్సిందే.

రాజలింగు వేళ్లకు తెలియడం ఎప్పుడో మానేసింది. చెబితే ఇంటికి పంపేస్తారని ఎవరికీ చెప్పలేదు. అందాజాగా చెయ్యెత్తేవాడు. చలి తెలియదనే కదా నన్ను అక్కడ ఉంచుకున్నది! ఆయనకు మాత్రం అదే తప్పయింది.

పెద్ద పోటీలకు ముందు ప్రాక్టీసులో ఆ అందాజా తప్పింది. మమ్మల్ని దాటినప్పుడల్లా తల ఊపి పలకరించే మిలా అనే పొట్టి పిల్ల, మేము పూడ్చిన గుంటలోనే కాలు దిగబడి బోర్లా పడింది. మోకాలు కమిలిపోయింది. చూసుకుని దిగొద్దా అని కోచ్ ఆ పిల్లనే తిట్టాడు. రాజలింగు నన్ను పట్టుకుని అలా నిలబడి ఉన్నాడు. ముఖంలో ఏమీ లేదు. ఆ పూట అన్నం మాత్రం ముట్టలేదట.

ఫైనల్ రోజు మిలా వంతు వచ్చేసరికి, సరిగ్గా ఆమె దూకి దిగే చోట పెద్ద గుంట. రాజలింగు మంచు కూరాడు. వేలితో నొక్కాడు, మళ్లీ నొక్కాడు. మైకులో మిలా పేరు పిలిచారు. అప్పుడాయన మోకాళ్ల మీద కూర్చుని, ఒంగి, చెంప ఆ మంచుకు ఆనించాడు. తడి తగిలింది కాబోలు, అంతా తవ్విపోసి మళ్లీ కూరాడు. మళ్లీ చెంప పెట్టాడు. మంచుకు మొక్కుతున్నాడనుకుని జనం చప్పట్లు కొట్టారు. చాలాసేపటికి గానీ ఆయన చెయ్యెత్తలేదు.

మిలా ఎగిరి అక్కడే దిగింది. నిలబడింది.

సూపర్వైజరు దేవదాసుది అమలాపురం. పనివాడు వేలు వదిలి చెంప ఎందుకు పెడతాడో ఆయనకు తెలుసు. పక్కకు పిలిచాడు.

"చేతులు మొద్దుబారిపోయాయా అన్నా?"

"చానా దినాలాయె సారూ."

"ముందే చెప్పొచ్చుగా."

"చెప్తే ఉంచుకుంటుంటిరా?"

దేవదాసు చెడ్డవాడేం కాదు, ఇంటికి పంపే టికెట్టు తనే దగ్గరుండి తీయించాడు.

ఇప్పుడు నేను బాత్రూము మూలన తుడుపుగుడ్డలతో ఉన్నాను. వెళ్లే రోజు రాజలింగు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. పిడి పట్టుకుని ఎత్తాడు, తన చేతికేసి చూసుకుని దించేశాడు. తర్వాత ఒంగి నా అంచుకు చెంప ఆనించాడు. నేను చల్లగా ఉన్నానో వెచ్చగా ఉన్నానో ఆయనకు తెలిసే ఉంటుంది. నాకే తెలియలేదు.