కూర్చుని చేసే ఉద్యోగం

దీనా ఆఫీసు నుంచి రాగానే తల్లి మేరమ్మ ఎదురెళ్లి బ్యాగు అందుకునేది. "కూర్చో తల్లీ, పొద్దుట్నుంచీ అలిసిపోయుంటావు" అంటూ సోఫా చూపించి, అన్నం ప్లేటు చేతికే అందించేది. మంచినీళ్ల కోసం లేవబోయినా ఊరుకునేది కాదు. చూసేవారికి ముచ్చటేస్తుంది. మన ఇళ్లలో ప్రేమంటే ఇదే కదా, ఒకరిని కూర్చోబెట్టి మరొకరు వడ్డించడం. ఆ ముచ్చట వెనక ఏం జరుగుతోందో పాఠకులు కాస్త నిదానంగా చూడాలి.

మేరమ్మ గుంటూరులో నర్సుగా ఏళ్ల తరబడి నిలువుకాళ్ల మీద పనిచేసిన మనిషి. కూతురు న్యూజిలాండ్‌లో చదువు ముగించి, న్యూ లిన్‌లోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ముసలివాళ్లను చూసుకునే కేర్‌గివర్‌గా చేరినప్పుడు ఆమె ప్రాణం ఉసూరుమంది. తన కాళ్లు పడ్డ బాధ బిడ్డ కాళ్లకు వద్దని ప్రార్థించింది. రెండేళ్ల క్రితం అదే కేంద్రంలో, మేడమీది ఆఫీసులో సిబ్బందికి డ్యూటీలు వేసే ఉద్యోగం దీనాకు దొరికింది. నీడపట్టున, కుర్చీలో కూర్చుని చేసే పని. అప్పటికే కూతురి దగ్గరికి వచ్చేసిన మేరమ్మ పొంగిపోయి ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి, చర్చి సంఘంలోని తెలుగువాళ్లందరికీ బిర్యానీ వండి వడ్డించింది.

తర్వాత దీనా లావెక్కింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఒకసారి ఆఫీసులో చేసిన ఆరోగ్య పరీక్షల్లో షుగరు అంచు దాకా వచ్చిందని, మూడు నెలలాగి మళ్లీ చూస్తామని చెప్పారు. మేరమ్మ భర్త యేసుదానాన్ని ఆ జబ్బే తీసుకుపోయింది. అది తలచుకుని ఆమెకు నిద్ర పట్టలేదు. కూతురికి అన్నం తగ్గించింది, స్వీట్లు మాన్పించింది. జబ్బుమనిషికి విశ్రాంతి కావాలని ఇంకాస్త ఎక్కువగా కూర్చోబెట్టింది.

ఒకరోజు దీనా లంచ్ బాక్సు మరిచిపోయింది. మేరమ్మ దాన్ని పట్టుకుని నడుచుకుంటూ బయలుదేరింది. కూతురు రోజూ కారేసుకుని వెళ్లే ఆ చోటు ఇంటికి ఇంత దగ్గరని ఆమెకు అప్పుడే తెలిసింది. గేటు దాటి చూసి అక్కడే ఆగిపోయింది. దీనా ఎండలో ఒక ముసలావిడ వీల్‌చెయిర్ తోస్తోంది.

"ఉద్యోగం తీసేశారా అమ్మా?" అంది మేరమ్మ. "మళ్లీ కింద పనిలో వేశారా? నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"ఎవరూ తియ్యలేదమ్మా. ఇది లంచ్ బ్రేక్. అటు చూడు" అంది దీనా నవ్వుతూ.

వెనకాలే ఆఫీసు స్నేహితురాళ్లిద్దరూ తలో వీల్‌చెయిర్ తోసుకుంటూ వస్తున్నారు. ఒకామె జింబాబ్వే నుంచి వచ్చిన నల్లజాతి మనిషి తెందాయ్, రెండో ఆమె ఇక్కడే పుట్టిన తెల్లమ్మాయి హెలెన్.

"పరీక్షల్లో మా ముగ్గురికీ ఒళ్లు బాగా పెరిగిందన్నారమ్మా. మా దేశపు ఆడవాళ్ల ఒళ్లే అంత అంది తెందాయ్. హెలెనేమో వీకెండ్ జిమ్‌కెళ్తున్నాగా అంది. నేను నాన్న పోలిక అన్నాను. పరీక్ష చేసిన నర్సు అన్నీ విని, అవీ ఉంటాయి గానీ, రోజంతా ఎక్కడుంటారని అడిగింది. ముగ్గురం మా కుర్చీల వంక చూసుకున్నాం. మేం ముగ్గురం కింద పనిచేసినన్నాళ్లూ ఏ ఒక్కరికీ ఈ ఆయాసం లేదు. అందుకే ఫోన్లో అడిగేవి ఇప్పుడు కిందికి దిగి అడుగుతున్నాం. మధ్యాహ్నం వీళ్లని ఇలా తిప్పుతున్నాం. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

మేరమ్మ లంచ్ బాక్సు కూతురి చేతిలో పెట్టింది. బిడ్డ ఉద్యోగం పోలేదన్న నెమ్మది ఒకవైపు, ఇన్నాళ్లూ సోఫాలో కూలేసింది తానేనన్న బాధ మరోవైపు.

ఆ సాయంత్రం దీనా "మంచినీళ్లమ్మా" అంటే ఆమె కదల్లేదు. "వంటింట్లో ఉన్నాయి, వచ్చి తాగు" అంది. అలా అనడానికి ఆ తల్లి ఎంత కష్టపడిందో ఆమెకే తెలుసు. మర్నాటి నుంచి దీనా ఆఫీసుకు నడిచే వెళ్లింది.

మూడు నెలల గడువుకు మళ్లీ చూస్తే షుగరు దిగింది. ఇలాగే ఉంటే మందులక్కర్లేదన్నారు. ఆ మాట విని మేరమ్మ చీర చెంగులో మొహం దాచుకుని తనివితీరా ఏడ్చింది. రెండేళ్లలో అంత హాయిగా ఏడవడం అదే మొదలు.

ఆదివారం సంఘంలో ఆమె, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచింది. ఎదురుగా కూర్చున్నది ఆనాడు బిర్యానీ తిన్నవాళ్లే.

"నా బిడ్డకి కుర్చీ ఇమ్మని నేనే అడిగాను, దేవుడిచ్చాడు. ఆ కుర్చీ తెల్లవాళ్లనీ నల్లవాళ్లనీ మననీ ఒకేలా పాడుచేస్తుందని ఆరోజు నాకు తోచలేదు. ఉద్యోగం కుర్చీలో చేస్తే చెయ్యనివ్వండి గానీ, ఇంటికొచ్చిన ఆడపిల్ల మంచినీళ్లకి లేస్తే మాత్రం ప్రేమ పేరు చెప్పి కూర్చోబెట్టకండి."