ఆగని రోలర్లు

సెతీఫ్ ఊరవతలి కడ్డీల మిల్లులో కంప్యూటర్ బిగుసుకుపోయింది. ఆపే మీట నొక్కినా రోలర్లు ఆగలేదు. ఎర్రగా కాలిన కడ్డీ దారి తప్పి పైకెగిరి, అక్కడ పనిచేస్తున్న ఖమీసీ తొడలోంచి దూసుకుపోయింది. పనివాళ్ళు మోటార్ల కరెంటు పీకేశారు. కంప్యూటర్ మాత్రం బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంది.

దాన్ని నడిపే సిస్టమ్ జులీఖా కంపెనీది. ఆమె కంట్రోల్ గదిలోనే ఉంది. మేనేజర్ బూజీద్ రొప్పుతూ వచ్చాడు.

"కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చెయ్. వాడే నిలబడకూడని చోట నిలబడ్డాడని రాసేద్దాం."

"ఆపితే సాక్ష్యమంతా చెరిగిపోతుందయ్యా. ముట్టుకోకండి!"

అతను స్విచ్ మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ మణికట్టు కొరికింది. బూజీద్ ఆమె జుట్టు పట్టుకుని తలను ఇనుప బీరువాకేసి బాదాడు.

అంతలో తలుపు విరిగిపడింది. ఖమీసీ తమ్ముడు లార్బీ, ఒళ్ళంతా అన్న నెత్తురుతో, గునపం పట్టుకుని దూసుకొచ్చాడు. ఒక్క దెబ్బకి బూజీద్ భుజం ఎముక విరిగింది. రెండో దెబ్బ జులీఖా మీదికి లేచింది.

"మా అన్నని మింగింది నీ డబ్బానే కదే?"

"తెలీదు. పది నిమిషాలు చూడనీ. ఆ తర్వాత కొట్టు."

లార్బీ గునపాన్ని ఆమె మెడకి ఆనించి నిలబడ్డాడు. ఆమె లాప్‌టాప్ తగిలించింది. కనుబొమ మీది నెత్తురు కీబోర్డు మీద పడుతోంది. కంప్యూటర్ ఒకేసారి నడిపే పనులను, అంటే త్రెడ్లను, ఒక్కొక్కటిగా చూసింది. ఒక త్రెడ్ వాడుతున్నదాన్ని ఇంకొకటి ముట్టుకోకుండా తాళాలుంటాయి. పని ముగించుకుని పోతున్న ఒక త్రెడ్, త్రెడ్ల జాబితా తాళం పట్టుకుని మెమరీ తాళం కోసం ఆగింది. మీట నొక్కగానే కొత్త త్రెడ్‌ను పుట్టించబోయిన మరొకటి మెమరీ తాళం పట్టుకుని జాబితా తాళం కోసం ఆగింది. రెండూ కదలవు. రోలర్లను ఆపాల్సిన త్రెడ్ అసలు పుట్టనే లేదు.

"ఏంటి కనబడింది?"

"రెండు పనులు ఒకదాని గొంతు ఒకటి పట్టుకుని ఉండిపోయాయి. తాళాలు పట్టే వరస తారుమారుగా రాసి పెట్టారు."

"ఎవడు రాసింది?"

ఆ వరసను పోయినేడాది రంజాన్‌లో మార్చింది జులీఖాయే. తెరమీద ఆమె పేరే ఉంది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"నేనే," అంది.

గునపం ఆమె కుడిచేతి మీద పడింది. మూడు వేళ్ళు చితికిపోయాయి. ఆమె అరుస్తూనే ఎడమచేత్తో మెమరీ మొత్తాన్ని డిస్కులోకి ఎక్కించింది. పోలీసులొచ్చి లార్బీని ఈడ్చుకుపోయారు.

ఖమీసీకి కాలు తీసేశారు. జులీఖా అదే ఆసుపత్రిలో కట్టుకట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, ప్రతిచోటా ముందు మెమరీ తాళం, తర్వాతే జాబితా తాళం అని ప్రోగ్రాంని దిద్దింది. పదివేలసార్లు నడిపి చూసింది. ఒక్కసారీ బిగుసుకోలేదు. పక్కగదిలో ఖమీసీ పళ్ళు కొరుకుతూ మూలుగుతున్నాడు. ఆమె లేచి, డిస్కు తీసుకుని, వాఙ్మూలం ఇవ్వడానికి స్టేషన్‌కి నడిచింది.