హల్మెల్ల

తెల్లారకముందే మొగులయ్య బర్రెల కొట్టంలోకి పోయేవాడు. లాల్‌దర్వాజా గల్లీలో ఇల్లు ముందు, కొట్టం వెనక. పాలు పిండి, క్యాన్లు బండికి తగిలించి, ఉప్పుగూడ దాకా ఇల్లిల్లూ పోసి వచ్చేసరికి పొద్దు బారెడెక్కేది. బండి ఎక్కేముందు, ఇంట్లోకి తిరిగి చూడకుండానే, ఒక మాట అనేవాడు.

"హల్మెల్ల."

పొయ్యి ముందు నిలబడ్డ ఆండాలు మణికట్టు మీద, సరిగ్గా గాజుల కింద, బొటనవేలితో ఎవరో మెల్లగా రాసినట్టయ్యేది. ఆ తర్వాత కాసేపు ఆమెకు లోకం పట్టేది కాదు. ఆ ముప్పై ఏళ్ల కాపురంలో ఎన్ని పాలు పొయ్యిపాలయ్యాయో చెప్పలేం. పాలాయన ఇంట్లో పాలకేం కరువు అనుకున్నాడేమో, మొగులయ్య ఆ నష్టం గురించి ఒక్కనాడూ అడగలేదు.

ఆ గల్లీలో ఇది వింతేమీ కాదు. మనిషిని మనసులో పెట్టుకుని ఆ మాట అంటే, ఆ మనిషి ఎక్కడున్నా చేతికి తగులుతుంది. చేతికి మట్టిగాజు ఉంటే చాలు. బంగారు గాజులకు తగలదు, ప్లాస్టిక్ వాటికి అసలే తగలదు. మగవాళ్లు పెళ్లాం గాజుముక్క ఒకటి అంగీ జేబులో వేసుకుని తిరిగేవాళ్లు, వాళ్లకు అక్కడ తగిలేది. వంకాయల బేరం మధ్యలో ఒకామె ఉన్నట్టుండి మాట ఆపేస్తే, కూరగాయలమ్మే ఆమె కూడా తరాజు పట్టుకుని ఆగేది. "అయ్యిందా?" అని అడిగి, మళ్లీ బేరంలో దిగేది.

మాట ఎక్కడ పుట్టిందన్నది మాత్రం ఇప్పటికీ లొల్లే. మా కొట్టాల్లోనే పుట్టిందని పాలవాళ్లంటారు. బర్రె పాలు చేపాలంటే ముందు పొదుగు నిమరాలి కదా, ఆ నిమరడమే హల్మెల్ల అని వాళ్ల వాదం. లాడ్ బజార్ గాజులవాళ్లు దీనికి ఒప్పుకోరు. అక్కడ చిన్న దుకాణం పెట్టుకున్న షౌకత్ బీ చెప్పే కథ వేరు. ఆమె అత్తకు అత్త ఉన్న కాలంలో ఒక తెలుగు పెళ్లికూతురు గాజులకు వచ్చిందట. చెయ్యి బొద్దు, గాజు ఇరుకు. గాజులామె ఆ పిల్ల బొటనవేలిని అరచేతిలోకి మడిచి, కణుపులు నొక్కుతూ "హల్లూ, హల్లూ" అంది, నెమ్మదిగా రానియ్యమని. పిల్ల భయంతో కళ్లు మూసుకుని "మెల్లగ, మెల్లగ" అంది. ఆ రెండు మాటలూ గాజుతో పాటు ఒకే చేతికి ఎక్కాయి. పెళ్లయ్యాక పెనిమిటి మొదటిసారి చెయ్యి పట్టుకున్నప్పుడు ఆ పిల్ల నోట అదే మాట వచ్చింది.

"ఆ తర్వాత ముచ్చట నన్నడగొద్దు," అనేది షౌకత్ బీ పాన్ నములుతూ.

అర్థం కూడా ఒకటి కాదు. కొట్టంలో అంటే బుజ్జగింపు, గాజుల దుకాణంలో అంటే నొప్పి తెలియకుండా నొక్కడం. ఆలుమగల మధ్య అంటే ఏమిటో పిల్లల ముందు చెప్పేది కాదు, పెద్దలకు చెప్పనక్కర్లేదు. ఇప్పుడు ఆ మాట అనేవాళ్లు తగ్గిపోయారు. ఫోన్లో ముద్దుబొమ్మలు పంపుకుంటున్నారు. నాకు ఆ బొమ్మల మీద కోపమేమీ లేదు గానీ, వాటికి వేళ్లు లేవు.

మొన్న చలికాలంలో మొగులయ్య పోయాడు. క్యాన్లు తగిలిస్తూ తగిలిస్తూనే బండి పక్కన కూలబడ్డాడు. మర్నాడు తెల్లవారుజామున, అదే వేళకు, ఆండాలు మణికట్టు మీద బొటనవేలు కదిలింది. పక్కన పడుకున్న కూతురు అఖిలను ఆమె లేపింది.

"మీ బాపు వచ్చి పోయిండే."

"హల్మెల్లనా?"

"ఆఁ."

అఖిల తల్లి మీదికి దుప్పటి జరిపి మళ్లీ పడుకుంది. పోయినవాళ్లు అనకూడదని ఎక్కడా లేదు.

కానీ పదో దినం దగ్గర పడుతోంది. ఆ రోజు గాజులు పగలగొట్టాలి. ఆ పని గల్లీ మొత్తానికీ మొగులయ్య చెల్లెలు మహేశ్వరిదే. పెళ్లయిన కొన్నాళ్లకే ఆమె పెనిమిటి లారీ మీద పోయి ప్రాణాలతో తిరిగి రాలేదు. పదో దినం ఆమె గాజులు పగలగొట్టారు. అప్పటికి ఆమెకు ఇరవై కూడా నిండలేదు. ఇప్పుడు తల నెరిసింది. గల్లీలో ఏ ఇంట మగమనిషి పోయినా, నున్నటి రాయి పట్టుకుని ముందు ఆమే వస్తుంది. జనం ఆమెకు జడుస్తారు, ఎదురు చెప్పరు.

ఆండాలు ఆమెను బతిమాలింది.

"ఒక్కటన్న ఉండనియ్యి మహేశ్వరీ. గాజులు పోతే మీ అన్న నన్ను యాడ ముట్టాలె?"

"అందరికైనట్టే నీకూ అయితది వదినె. నా చేతులు సూడు, బతుకుతలేనా?"

బతకడం వేరు అని ఆండాలు అనబోయింది. ఆ బోడి చేతులు చూసి అనలేకపోయింది.

పగలగొట్టకుండా తీసి పెట్టెలో దాచుకోనిస్తే అదే చాలనుకుంది అఖిల. కానీ తల్లి చేతులు లావెక్కాయి, ఆ గాజులు ఎన్నేళ్లుగానో కదల్లేదు. అందుకని పదో దినం పొద్దున్నే లాడ్ బజార్‌కు పోయి షౌకత్ బీని ఆటోలో తీసుకొచ్చింది. ఆమె కళ్లకు పొర వచ్చి మనుషులు మసకగా కనిపిస్తున్నారు. గాజుల సంచి మాత్రం భుజం దిగలేదు.

"నేను తొడుగుత బేటా. తీసుడు నాకు రాదు," అంది ముసలామె.

"ఎట్లనో అట్ల తియ్యి ఆపా," అంది మహేశ్వరి. "రాకపోతే రాయి ఉంది."

చాప మీద ఆండాలు, మహేశ్వరి, షౌకత్ బీ కూర్చున్నారు. ఆండాలు చెయ్యి కదలకుండా మోచేతి దగ్గర మహేశ్వరి గట్టిగా పట్టుకుంది. షౌకత్ బీ వేళ్లతో తడిమింది. తన ఒళ్లో ఇద్దరి చేతులున్న సంగతి ఆమెకు తెలియదు. ఒక చెయ్యి దొరికింది, మణికట్టు బోడిగా ఉంది. గాజులమ్మే మనిషికి బోడి మణికట్టు దొరికితే ఇంకేం చేస్తుంది? బొటనవేలు మడిచింది, కణుపులు నొక్కింది, ఇంకో చేత్తో సంచిలోంచి గాజు తీసింది.

"హల్లూ, హల్లూ," అంది అలవాటు కొద్దీ.

"మెల్లగ," అంది ఆండాలు, ఆమెకూ అలవాటే.

మహేశ్వరికి చెయ్యి లాక్కునే వ్యవధి దొరకలేదు. ఆకుపచ్చ గాజు కణుపు దాటి మణికట్టు మీదికి జారింది. ఎన్నేళ్ల కింద మడిచిన చెయ్యో, నొప్పే పుట్టలేదు.

మహేశ్వరి కదల్లేదు. అఖిల భయపడి "అత్తమ్మా" అని పిలిచింది. ఆమె వినిపించుకోలేదు. ఆమె కళ్లు మణికట్టు మీదే ఉన్నాయి. అక్కడ, గాజు కింద, చర్మం కొద్దిగా నొక్కుకుని మళ్లీ లేస్తోంది. ఆమె మొహం ఎర్రబడింది. నెరిసిన తల కొత్తపెళ్లికూతురి తలలా వంగింది. ఆండాలుకు వెంటనే తెలిసిపోయి మొహం తిప్పుకుంది. అలాంటప్పుడు చూడకూడదు.

మహేశ్వరి రెండో చెయ్యి ఆ గాజు మీద పెట్టుకుంది. "ఇన్నేండ్లు యాడున్నవు?" అంది. ఆ ఇంట్లో ఎవరితోనూ కాదు.

షౌకత్ బీకి అప్పుడు అర్థమైంది తాను ఎవరి చెయ్యి పట్టుకుందో. ఆమె ఆ చెయ్యి వదల్లేదు.

"యాడికీ పోలే బేటా. ఆ మాట కూసునేతందుకు గాజు లేక ఆగింది."

వెనక కొట్టంలో బర్రె అరిచింది. మేత వేసే వేళ దాటిపోయింది, ఎవరూ లేవలేదు. మహేశ్వరి పక్కనున్న రాయిని తీసి గోడ వైపు దొర్లించింది. ఏడుస్తోంది, తుడుచుకోవడం లేదు. వదిన గాజులను ఒక్కొక్కటే ముట్టి చూసింది, అన్నీ ఉన్నాయా అన్నట్టు. తర్వాత తన రెండో చెయ్యి కూడా ముసలామె ఒళ్లో పెట్టింది.

"ఆపా," అంది. "దీనికి గూడ."