ముప్ఫై ఏడు డిగ్రీలు

తిండి తక్కువ, మాట ఎక్కువ కాబట్టి చిన్నప్పుడే ఆమెకి పిచ్చుక అని పేరు పడిపోయింది. ముప్ఫై ఏళ్లొచ్చినా, కడుపుతో ఉన్నా ఆ పేరు వదల్లేదు. పని పాల ఫ్యాక్టరీలో. స్టీలు తొట్లలో పాలు కాగుతుంటే పక్కన నిలబడి వేడి చూడాలి. పదకొండేళ్లుగా అదే పని. ఐదో నెల వచ్చేసరికి సాయంత్రానికి నడుము రెండు ముక్కలయ్యేది.

అక్క ఊరి చివర గెస్ట్‌హౌస్‌లో మేనేజరు. అక్కడ ఈమధ్యే హాట్ టబ్ కట్టించారు. నలుగురు కూర్చునేంత తొట్టి, అడుగునుంచి బుడబుడమని పైకొచ్చే వేడినీళ్లు.

"ఓ పదినిమిషాలు నడుం దాకా కూర్చున్నావంటే నొప్పి ఎటుపోయిందో కూడా తెలీదు. రావే," అంది అక్క ఫోన్‌లో.

"డాక్టరమ్మని అడిగి వస్తా."

"అడుగు, నేను వద్దన్నానా?"

డాక్టరమ్మ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "హాట్ టబ్ అంటే మామూలుగా వద్దనే చెప్తాను. వాటిలో నలభై డిగ్రీలుంటుంది. నీ ఒళ్లు అంత వేడెక్కితే బిడ్డకి మంచిది కాదు. నీకు బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. అంతగా దిగాలనుంటే నీళ్లు ఒంటి వేడికి మించకూడదు. ముప్ఫై ఏడు, అంతే. పది నిమిషాలు దాటొద్దు. ఛాతీ, భుజాలు బయటే ఉండాలి. ఒక్కదానివే దిగొద్దు. కాస్త తేడాగా అనిపించినా లేచి వచ్చెయ్."

పిచ్చుక అవన్నీ కాగితం మీద రాసుకుని అక్కకి చదివి వినిపించింది.

"ముప్ఫై ఏడే పెట్టిస్తాలే. నామీద నమ్మకం లేదా ఏంటి?"

నమ్మకం లేకపోవడమేంటి! అమ్మ షిఫ్టులకి వెళ్లిపోతే జడలేసిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ ఎనిమిదేళ్లు పెద్దదైన ఈ అక్కే.

ఆదివారం మధ్యాహ్నం వెళ్లింది. తొట్టి పక్కన మీటరు మీద ఎర్రంకెలు వెలుగుతున్నాయి: ముప్ఫై ఏడు. పిచ్చుక నీళ్లల్లో చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది.

"అక్కా, ఇది ఎక్కువుందే."

"బయట చలిగాలి కదా, అలాగే ఉంటుంది. అంకె కళ్లెదురుగానే ఉందిగా?"

చెయ్యి ఒకటి చెప్పింది, అక్క ఇంకొకటి చెప్పింది. పిచ్చుక అక్క మాటే విని దిగింది. అక్క గట్టు మీద కూర్చుని ఫోన్ తీసింది. "ఏదీ, ఓ నవ్వు నవ్వు. మీ ఆయనకి పంపిస్తా." పిచ్చుక నవ్వింది.

ఆరు నిమిషాలు కూడా కాలేదు. గుండె దడదడ కొట్టుకుంది, చెవుల్లో హోరు, కళ్ల ముందు నల్లటి చుక్కలు. డాక్టరమ్మ మాట గుర్తొచ్చి కమ్మీ పట్టుకుని ఎలాగో పైకొచ్చింది. అక్క ఒడిసి పట్టుకుని బల్ల మీద పడుకోబెట్టి, చల్లటి నీళ్లు తాగించింది.

"ఖాళీ కడుపుతో దిగుంటావు," అంది.

"తినే వచ్చానక్కా," అంది పిచ్చుక ఓపిక తెచ్చుకుని.

మర్నాడు ఫ్యాక్టరీకి హీటర్ల మెకానిక్ వచ్చాడు. గెస్ట్‌హౌస్ హీటరు చూసేదీ అతనే. మాటల్లో పిచ్చుక నిన్నటి సంగతి చెప్పేసరికి అతని చేతిలో స్పానరు ఆగిపోయింది.

"మీరెందుకు దిగారమ్మా? ఆ మీటరు మూడు డిగ్రీలు తక్కువ చూపిస్తోంది. కొత్తది వచ్చేదాకా ఎవర్నీ దించొద్దని పోయిన వారమే చెప్పాను. మీ అక్కగారు సంతకం కూడా పెట్టారు."

బ్యాగులోంచి రసీదు తీసి చూపించాడు. అడుగున చిన్న వంకర గీతతో అక్క సంతకం. స్కూల్ ప్రోగ్రెస్ కార్డు మీద అమ్మ బదులు పెట్టేది కూడా ఆ సంతకమే.

పిచ్చుక సెలవు చీటీ రాసి, ముందు డాక్టరమ్మ దగ్గరకి పరిగెత్తింది. పొట్ట మీద పెట్టిన మిషన్లోంచి టకటకమని బిడ్డ గుండె చప్పుడు వినపడ్డాకే ఆమె ఊపిరి పీల్చుకుంది. "కాసేపే ఉన్నావు, సమయానికి లేచావు. స్కాన్‌లో ఇంకోసారి చూద్దాం. బెంగ పెట్టుకోకు," అంది డాక్టరమ్మ.

అక్కణ్ణించి పిచ్చుక నేరుగా గెస్ట్‌హౌస్‌కి వెళ్లింది. కౌంటరు వెనక గోడ మీద ఆమె ఫొటోనే, తలుపంత చేసి అతికించారు. తొట్టిలో కూర్చుని నవ్వుతోంది. కింద పెద్దక్షరాలు: 'కాబోయే అమ్మలకూ క్షేమం'.

"తెలిసే దించావా అక్కా?"

అక్క చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మూడు డిగ్రీలే కదే. ఈ నెల జనం రాకపోతే ఇంటికి పొమ్మన్నాడు ఓనరు. బయటివాళ్లనైతే ఎలా అడగను? సవాలక్ష ప్రశ్నలేస్తారు. నువ్వైతే..."

"నేనైతే?"

"నామాట నమ్ముతావని," అంది అక్క, తల దించుకుని.

ఆ మాటకి పిచ్చుకకి కన్నీళ్లు కూడా రాలేదు. ఇంతలో భుజాన తువ్వాలుతో ఓ నిండు గర్భిణి, పక్కన ఆమె భర్త, తొట్టి ఎటువైపని అడుగుతూ వచ్చారు.

"దిగకండి," అంది పిచ్చుక. "మీటరు అబద్ధం చెప్తోంది. నిజానికి నలభై డిగ్రీలున్నాయి. నిన్న నేను కళ్లు తిరిగి పడబోయాను. ఆ ఫొటోలో ఉన్నది నేనే."

"నా పొట్ట కొడతావా?" అంది అక్క.

పిచ్చుక కుర్చీ లాక్కుని కూర్చుని, ఓనరు వచ్చేదాకా అక్కడే ఉండి, అతని చేతే తొట్టికి తాళం వేయించింది. ఫొటో తీయించింది. అక్క ఉద్యోగం మాత్రం పోలేదు. మీటరు సంగతి ఓనరుకీ ముందే తెలుసు మరి.

స్కాన్ బాగా వచ్చింది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది, గొంతు చూస్తే తల్లిని మించేట్టుంది. మూడో రోజు అక్క వచ్చింది. పిచ్చుక వద్దనలేదు. కూర్చోమంది, పాపని ఒళ్లో పెట్టింది, వచ్చిన దారిలో ఎండగా ఉందా అని అడిగింది.

అంత మర్యాద అక్క తట్టుకోలేకపోయింది. "రెండు తిట్లైనా తిట్టవే," అంది, కళ్లు తుడుచుకుంటూ.

"ఇదివరకైతే తిట్టేదాన్నక్కా," అంది పిచ్చుక. పాప ఏడుపు మొదలెట్టింది. అందుకుని, పాలివ్వడానికి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.