ఓటు అడగని సైలస్

మా ఆయన సైలస్ పార్లమెంటుకు నిలబడ్డాడని తెలిసిన రోజు సగం ఊరు మా బట్టల కొట్టు ముందు చేరింది. వాళ్ళకు గుడ్డ అక్కర్లేదు, క్వేకరు ఓటెలా అడుగుతాడో చూడాలి. మాటలోనూ బేరంలోనూ నిజమే పలకాలనే క్రైస్తవ శాఖ మాది. నిజం చెప్పాలంటే నాకూ అదే కుతూహలం. మా కొట్లో దొరకైనా దాసికైనా గజం ధర ఒకటే, బేరం లేదు. చిన్నపిల్లను పంపినా మోసం జరగదని మాకు పేరు. అలాంటి మనిషి గడపగడపకూ తిరిగి బతిమాలతాడా?

తిరగలేదు. బానిసల్ని విడిపించే చట్టానికి ఒప్పుకుంటానని ఒక కాగితం తలుపుకు అంటించి కొట్లో కూర్చున్నాడు. అవతల పోటీకి నిలబడ్డ కార్నబీ దొర ఓటర్లకు పీపాలకు పీపాలు బీరు పారించాడు. సముద్రం అవతల చక్కెర దీవుల్లో ఆయనకు చెరకు తోటలున్నాయి, తోటల్లో బానిసలున్నారు. వాళ్ళను తలుచుకునే మా ఇంట్లో టీలో చక్కెర మానేశాం. నాకు ఒళ్ళు మండిపోయేది.

"బీరు పోయించకపోతే మానె, కనీసం జనాన్ని చూసి నవ్వవచ్చుగా?" అన్నాను.

"గుడ్డ మంచిదైతే వాళ్ళే కొంటారు, ప్రిసిల్లా."

ఓటు వేసేది సంత మధ్యలో. బల్లల మీదికెక్కి, అందరూ వింటుండగా పేరు చెప్పాలి. ఓట్లు మొదలైన రెండో రోజు మధ్యాహ్నానికి ఇద్దరూ సమానంగా ఉన్నారు. అప్పుడొచ్చాడు మా కొట్టుకి, గుర్రాల జీన్లు కుట్టే ఆమోస్. అతని ఇల్లు కార్నబీ దొరది.

"అయ్యా, మీకే వెయ్యాలనుంది. వేస్తే దొర నన్ను ఇంట్లోంచి గెంటేస్తాడంటారా?"

నేను మెట్ల మీదే ఆగిపోయాను. ఇంకెవరైనా అయితే "నేనున్నానుగా" అనేవాళ్ళు.

"గెంటేస్తాడు, ఆమోస్" అన్నాడు సైలస్.

"మరి మీరేమైనా ఇల్లు చూపిస్తారా?"

"ఓటుకి ఇల్లిస్తే అది కొనుక్కోవడమే. అలాంటి మాట ఇవ్వను. నీకు పెళ్ళాం పిల్లలున్నారు. దొరకే వెయ్యి, నేనేం అనుకోను."

ఆమోస్ వెళ్ళాక నేను ఊరుకోలేదు.

"అక్కడ దీవుల్లో వేలమంది మెడలకు ఇనుప కట్లున్నాయి. నీకిక్కడ ఒక్క ఇల్లు ఇస్తాననడం ఎక్కువైందా?"

"తెలుసు" అన్నాడు. గజంబద్ద తీశాడు, ఏ గుడ్డా కొలవకుండానే మళ్ళీ పెట్టేశాడు.

కిటికీ దగ్గరికి పరుగెత్తాను. ఆమోస్ బల్లలెక్కాడు, టోపీ తీశాడు, దొర వైపు ఒకసారి చూశాడు.

"సైలస్ గార్నెట్" అన్నాడు గట్టిగా.

క్వేకరు ఆడవాళ్ళం చప్పట్లు కొట్టం. నేను కొట్టాను. సాయంత్రానికి గెలిచాం. ఏవో కొద్ది ఓట్ల తేడాయే, కానీ గెలిచాం.

వారం తిరక్కుండా దొర మనుషులు ఆమోస్ సామాను వీధిలో పడేశారు. ఓట్లు అయిపోయాయి కాబట్టి ఇప్పుడు ఇల్లివ్వడం తప్పు కాదన్నాడు సైలస్. కొట్టు మీది గదులు ఖాళీ చేయించాడు. ఆమోస్ భార్య తబిత తోపుడుబండి మీద కుండలూ పరుపులూ వేసుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. నేను ఎదురెళ్ళి పరుపు ఒక కొస పట్టుకున్నాను. మనసులోది దాచుకోలేక అడిగేశాను.

"సైలస్ దొరకే వెయ్యమన్నాడు కదా, మరి మీ ఆయన ఎందుకిలా చేశాడు, తబితా?"

"నాకొద్దు, వాడికెయ్యి అన్న మనిషిని పుట్టాక మొదటిసారి చూశాడటమ్మా. మనసు ఆగలేదంట." పరుపు కింద పెట్టింది. "మా ఆయన పేరు ఊరంతా చెప్పుకుంటున్నారు. మీ ఆయన నిజాయితీ కూడా. ఇల్లు సర్దుకుంది నేను. ఇల్లు పోనిద్దామా వద్దా అని నన్నెవరైనా అడిగారా?"

మా క్వేకరు ప్రార్థనలో ఆడవాళ్ళు కూడా లేచి మాట్లాడతారు. అది నాకు ఎంత గర్వమో. ఆ రోజు మెట్ల మీద నుంచుని దీవుల్లో వాళ్ళందరి గురించీ ఆలోచించాను గానీ, రెండు వీధుల అవతల ఉన్న ఈ మనిషి నాకు గుర్తే రాలేదు. సిగ్గేసింది.

"అడిగుంటే ఏం చెప్పేదానివి?"

తబిత పరుపు మళ్ళీ ఎత్తుకుంది.

"మీ ఆయనకే వెయ్యమనేదాన్ని" అంది. "అయినా అడగాలిగా."