తల్లి పంది దెబ్బ

నన్ను వదిలేసి పోయిన నా మొగుడు సొక్‌జు, అడవిపందుల కుటుంబం మీద బొమ్మల సినిమా తీశాడు. అందులో తల్లి పంది అచ్చం నేనే. నాలాగే కత్తెరతో కిమ్చీ క్యాబేజీ పచ్చడి కోస్తుంది, నాలాగే గురక పెడుతుంది, మాట వినకపోతే మొగుడి వీపు మీద అరచేత్తో ఛెళ్లున చరుస్తుంది. మా ఊరు బూసాన్‌లో తల్లులందరి చేతికీ అలవాటైన దెబ్బే అది. ఆ పందిని చూసి దేశమంతా నన్ను వెక్కిరించాలని వాడి ఎత్తు.

వాడు మా ఊరి సినిమా హాలుకు వస్తున్నాడని తెలిసి, సినిమా చెత్త అని మొహం మీదే అనేద్దామని మా అమ్మాయి దాఒన్‌ని తీసుకుని వెళ్లాను. తీరా చూస్తే తల్లి పంది చెయ్యెత్తినప్పుడల్లా హాలంతా ఈలలు.

"అమ్మా, అది నువ్వే కదూ?" అంది దాఒన్.

"నోర్మూసుకుని పాప్‌కార్న్ తిను."

సినిమా అయ్యాక సొక్‌జు వేదికెక్కాడు. "పిల్లలూ, ఎవరు నచ్చారు?"

"అమ్మ పంది!"

"మరి నాన్న?"

"ఛీ, సోమరిపోతు! ఇంకో నాలుగు తగలాలి!"

వాడి మొహం మాడిపోయింది.

యాంకరమ్మ మైకు లాక్కుంది. "ఆ దెబ్బ అచ్చంగా కొట్టి చూపించే అమ్మకి పంది బొమ్మ బహుమతి! డైరెక్టర్ గారి వీపు రెడీ!"

ఆమె మాట పూర్తయ్యేలోపే నేను వేదిక మీదున్నాను. సొక్‌జు కొయ్యబారిపోయాడు.

"దాఒన్ వాళ్లమ్మా, వద్దు, పరువు పోతుంది," అని గొణిగాడు.

"వంగు."

ఛెళ్లుమంది. వాడి కళ్లద్దాలు ఎగిరిపడ్డాయి.

"ఇంకోటి! ఇంకోటి!" అని హాలంతా లేచి నిలబడింది.

ప్రేక్షకుల మాట కాదనడానికి నేనెవర్ని? చొక్కా చెయ్యి పైకి మడిచాను.