జ్వరం లేదన్న పిల్ల

దుప్పటి మడత ఇంకా పూర్తికాకముందే సూపర్‌వైజర్ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. చేతిలో ఆమె ఫోను. లాండ్రీలో పనిలోకి దిగేముందు అందరి ఫోన్లూ అతని సొరుగులోకి వెళ్తాయి, సాయంత్రం పని దిగాకే బయటికొస్తాయి. మధ్యలో తనే పట్టుకొచ్చాడంటే మంచి కబురు కాదు.

“మీ పిల్ల బడి నుంచి. పొద్దుట్నుంచీ ఒకటే మోత.”

“పొద్దుట్నుంచా? ఇప్పుడా చెప్పేది?”

“చెప్తే ఏం చేసేదానివి? హోటల్ బండి వచ్చి గుమ్మంలో కూచుంది. నువ్వు వెళ్తే ఇవన్నీ నేను మడతపెట్టనా?”

హోటల్ దుప్పట్లు ఒక్క మనిషికి లొంగేవి కావు. వేడి ఇస్త్రీ రోలరు కింద నుంచి పొగలు కక్కుతూ వస్తుంటే ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగాలి. ఆమెకు జోడీ పెద్దక్క. లాండ్రీలో అందరికన్నా పాతకాపు, అందుకే అందరికీ పెద్దక్కే. “వెళ్లవే, నా తంటా నేను పడతాలే,” అంటూ ఆమె చేతిలోని కొస లాక్కుంది.

“వెళ్లు, వెళ్లు,” అన్నాడు సూపర్‌వైజర్. “ఈ పూట జీతం పోయింది, నెల హాజరు బోనసూ పోయింది. పోయిన వారమే ఒకసారి వెళ్లావు. ఇంకోసారి ఇలా అంటే మళ్లీ రానక్కర్లేదు. ఈ పని కోసం గేటు బయట ఎంతమంది పడిగాపులు పడుతున్నారో చూస్తున్నావుగా.”

బస్సులో ఊచ పట్టుకుని వేలాడుతున్నంతసేపూ ఆమెకు పొద్దుటి సంగతే కళ్ల ముందు ఆడింది. పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోతుంటే గొంతులో జ్వరం మందు పోసింది. కాస్త చల్లబడగానే జడలు వేసింది. “ఎవరడిగినా జ్వరం లేదని చెప్పు. మందు సంగతి ఎత్తకు,” అని చెప్పి బడి గేటు దగ్గర దింపింది. ఇలా చెయ్యడం మొదటిసారి కాదు. ఇంట్లో పెట్టుకుని చూడ్డానికి ఎవరున్నారు గనక? మొగుడు లారీ ఎక్కాడంటే ఎప్పుడు దిగుతాడో వాడికే తెలీదు.

జ్వరమొచ్చిన పిల్లల్ని పంపవద్దనీ, మందు వెయ్యకుండా ఒక రోజంతా ఒళ్లు చల్లగా ఉంటేనే పంపమనీ బడివాళ్లు ముందే చెప్పారు. తల్లులందరినీ కూచోబెట్టి చెప్పారు. వింటున్నప్పుడు ఆమెకూ అది సబబుగానే తోచింది.

బడిలో పిల్ల మెట్ల కిందున్న చిన్న గదిలో చాప మీద ముడుచుకుని పడుకుంది. సన్నగా ఉండి గలగలా మాట్లాడుతుందని ఇంట్లో పిచ్చుకా అని పిలుస్తారు. ఇప్పుడు ఉలుకూ పలుకూ లేదు. వాంతి చేసుకుంటే ఎవరిదో గౌను తొడిగినట్టున్నారు, భుజాల మీంచి జారిపోతోంది. ఆయమ్మ నుదుటి మీద తడిగుడ్డ మారుస్తోంది.

పెద్ద టీచరమ్మ వచ్చింది. “పొద్దున మందేసి పంపారా?”

తల్లి నోరు తెరిచేలోపే పిచ్చుక చాప మీంచి తలెత్తింది. “లేదు టీచర్. అమ్మ వెయ్యలేదు. నాకు జ్వరం లేదు.” పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. “చలేస్తోంది, అంతే.”

పాఠం అప్పజెప్పినట్టు, ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పింది.

“వేశాను,” అంది తల్లి. “నేనే వేశాను. చెప్పొద్దనీ నేనే చెప్పాను.”

“పోయిన నెల కూడానా?”

ఆమె తల దించుకుంది.

టీచరమ్మ కేకలేసి ఉంటే బాగుండేది. మెల్లగా అంది: “దీని పక్కన కూచునే ఆయాసం పిల్ల తెలుసు కదా? పోయిన నెల ఆ పిల్లకీ ఇలాంటి జ్వరమే పట్టుకుంది. ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. ఎవరి నుంచి అంటిందని నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. కానీ మీ మీద కక్షతో మేం ఈ నియమాలన్నీ పెట్టలేదమ్మా.”

“వాళ్లమ్మ…”

“ఆవిడా మీలాగే పనికి వెళ్లేది. మానేసి పాప మంచం పక్కన కూచుంది.”

తల్లి చాప పక్కన చతికిలబడింది. పిల్ల తల మీద చెయ్యి వేసి అంది: “టీచరమ్మగారూ, పిల్లల్ని ఇంట్లో ఉంచమన్నారు. మంచి మాటే. మమ్మల్ని ఇంట్లో ఉండనివ్వమని మా ఓనరుకి ఎవరు చెప్తారండీ?”

“అది మా చేతిలో లేదమ్మా,” అంది టీచరమ్మ, కిటికీ వైపు చూస్తూ.

పిల్లను భుజాన వేసుకుని ఇంటికొచ్చింది. దారి పొడుగునా మెడ మీద వేడి ఊపిరి తగులుతూనే ఉంది.

మర్నాడు పొద్దున ఆమె కళ్లు తెరిచేసరికి పక్కలో పిల్ల లేదు. తలుపు దగ్గర కూచుని ఉంది. బడి బట్టలు తనే తొడుక్కుంది, బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకుంది. ఒళ్లో సంచీ. బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

“మందు పొయ్యమ్మా,” అంది. “ఈసారి బాగా చెప్తాను. పడుకోను కూడా పడుకోను. నీకు ఫోను రాదు.”

తల్లి లేచి వచ్చింది. పిల్ల ముందు కూచుని బొత్తాలు ఒక్కొక్కటే విప్పింది. ఎత్తుకెళ్లి మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పింది.

సందు మొగలో, పనివాళ్లను ఎక్కించుకెళ్లే లాండ్రీ వ్యాను హారన్ మోగింది. ఆమె చెప్పులైనా వేసుకోకుండా వెళ్లింది. ముందు సీట్లో సూపర్‌వైజర్, వెనక ఆడవాళ్లంతా ఒకరి మీద ఒకరు ఇరుక్కుని ఉన్నారు.

“ఇవాళ రాను. పిల్లకి జ్వరం.”

“నిన్న చెప్పాను కదా? అయితే ఇంక రాకు.”

“మానేస్తానని నేననలేదు. జ్వరం తగ్గేదాకా రానంటున్నాను.”

“ఏదైనా ఒకటే.”

“ఒకటి కాదు.” ఆమె వ్యాను కిటికీ పట్టుకుంది. “పిల్లకి జ్వరమొస్తే దగ్గర కూచుందని తీసేశామని చెప్పండి. గట్టిగా చెప్పండి. వెనకున్న వాళ్లకీ పిల్లలున్నారు, వాళ్లూ వింటారు.”

సూపర్‌వైజర్ నవ్వబోయి వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ నవ్వడం లేదు. మొహం తిప్పుకుని డ్రైవరుతో, “పోనీ,” అన్నాడు.

బండి కదల్లేదు. వెనక తలుపు తెరిచి ఉంది. పెద్దక్క కాలొకటి బయట, మెట్టు మీద ఉంది.

“కాలు లోపల పెట్టు.”

“తిమ్మిరెక్కింది బాబూ,” అంది పెద్దక్క. “కదలడం లేదు.”

ఆవిడ దిగలేదు. కాలు లోపలికి తీసుకోనూ లేదు. డ్రైవరు అద్దంలోకి చూసి, సూపర్‌వైజర్ వైపు చూసి, ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో సందులోని ఆమె ఇంట్లోంచి పిల్ల దగ్గు వినిపించింది.